ఊ అన్న పిల్ల, ఊ కొట్టని ఊరు

ముందు మీరేం చూశారో చెప్పండి. దీపానికి నా చెయ్యి అడ్డం పెట్టానా, గోడ మీద ఏం కనిపించింది? కుందేలా? నీకు? కుక్కా? అదిగో, జుట్లు పట్టుకోకండర్రా! చెయ్యి నాది, గోడ మనది, కొట్లాట మీది. సరిగ్గా ఇలాంటి కొట్లాటే ఒకటి జరిగింది. దుప్పటి కప్పుకుని వినండి.

అనగనగా, మనది కాని ఒక ఊళ్ళో పైడితల్లి అనే కోడలు ఉండేది. ఆమెకో కూతురు, నూకాలు. ఆ పిల్ల చెవులు చురుకు, బుద్ధి చురుకు, మాట మాత్రం పెగలదు. దానికున్న మాటలు రెండే. అవునంటే ఊ, కాదంటే ఊహూ. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, కథంతా దాని మీదే నడుస్తుంది.

పిల్లని బళ్ళో వేశారు. సోమలింగం పంతులు పేరు పిలిచాడు. ఊ అంది. ఎక్కం అప్పజెప్పమన్నాడు. ఊ అంది. పంతులికి మీసం లేచింది. ‘ఊ ఏమిటే, ఊ? నేనేమన్నా కథ చెప్తున్నానా?’ అని పిల్లని బయట అరుగు మీద కూర్చోబెట్టాడు. లోపల అందరూ ఎక్కాలు, బయట ఇదీ, కాకులూ.

పైడితల్లి ఊరుకుంటుందా? నేనైతే ఊరుకుంటానా? చీపురు చేత్తోనే వచ్చి పడింది. నా పిల్లకి చదువు చెప్పవా అని ఆవిడ, ఇది చదివే పిల్ల కాదమ్మా అని ఆయన. చెప్పవా, చదవదు, చెప్పవా, చదవదు! ఆ అరుపులకి కోడి ఎగిరింది. కోడి ఎగిరి చూరెక్కింది, చూరు మీది పెంకు జారింది, పెంకు జారి కుండ పగిలింది, కుండ పగిలి మజ్జిగ పారింది, మజ్జిగలో మునసబు జారాడు, మునసబు జారి తాటిచెట్టుకి గుద్దుకున్నాడు, తాటిచెట్టు మీద పగటినిద్ర పోతున్న దయ్యం దబ్బున కిందపడింది!

ఊరంతా పరుగో పరుగు. వీళ్ళిద్దరూ? బెదిరితే ఒట్టు. నువ్వే చెప్పు, నువ్వే చెప్పు అని దయ్యాన్ని చెరో చెయ్యి పట్టి లాగారు. దయ్యానికి ఏడుపొచ్చింది. నాకు నిద్ర కావాలర్రా అంది. చివరికి ఒక షరతు పెట్టింది. ఒకరు చెప్తుంటే రెండోవాళ్ళు ఊ కొట్టాలి, మధ్యలో దూరితే జుట్టు తాటిచెట్టుకి కట్టేస్తాను అంది.

ఊ కొట్టడమంటే ఒప్పుకోవడం కాదర్రా, విన్నానని చెప్పడం. ఆ ముక్క ఎంతెంత పెద్దవాళ్ళకో తెలీదు. మీ పిన్నికీ ఇలాగే మాట పెగలదుగా, దాని చదువు కోసం నేనెక్కని గుమ్మం లేదు. ఒక్కడైనా ఊ కొట్టుంటే నాకీ బొంగురు గొంతు వచ్చేదా?

ముందు పంతులు చెప్పాడు. రాజుగారి మనిషి వచ్చి ఎక్కాలు అడుగుతాడట. ఒక్క పిల్ల నోరు మెదపకపోయినా కొలువు ఊడుతుందట. ఈ పిల్లని ఎలా అడగాలో తనకెవరూ నేర్పలేదట. పైడితల్లి పళ్ళు నూరుకుంటూ ఊ కొట్టింది. కొడుతూ కొడుతూ మెత్తబడింది. పాపం, ఈయనకీ భయమే!

తర్వాత ఆవిడ చెప్పింది. ఇంట్లో తను చింతగింజలు తప్పు లెక్కపెడితే నూకాలు ఊహూ అని తన చేతి మీద ఒక్కటి వేస్తుందట.

‘ఈ సంగతి ముందే చెప్పలేదేం?’ అన్నాడు పంతులు.

‘తమరు వింటేగా!’ అంది పైడితల్లి.

‘జుట్టు!’ అంది దయ్యం. ఇద్దరూ ఎవరి జుట్టు వాళ్ళు పట్టుకున్నారు.

అప్పుడు దయ్యం, అసలు పిల్లని ఎవరైనా అడిగారా అంది. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. అరుగు మీద ఉంటావా? ఊహూ. లోపలికెళ్తావా? ఊ, ఊ, ఊ! పంతులు గొంతు సవరించుకుని, మూడు మూళ్ళు తొమ్మిదా అన్నాడు. ఊ. మూడు నాలుగులు పదమూడా? ఊహూ! పంతులు గెంతాడు, పైడితల్లి గెంతింది, దయ్యం గెంతి మళ్ళీ కిందపడింది.

నూకాలు ముందు వరసలోకి వచ్చింది. ఇక ఒప్పందం ఏమిటంటే, పంతులు ఊ, ఊహూలతోనే అడగాలి. పైడితల్లి రోజూ కాసేపొచ్చి ఏ ఊకి ఏ అర్థమో ఆయనకి నేర్పాలి. పున్నమి పున్నమికీ పిల్లతో కలిపి ముగ్గురూ కూర్చుని, కుదిరిందో లేదో చూసుకోవాలి, ఊ కొడుతూనే. రాజుగారి మనిషి వచ్చి, నూకాలు ఊహూ విని, తలపాగా జారేదాకా నవ్వి, భేష్ అన్నాడు. పంతులు కొలువు నిలిచింది. దయ్యం ఇప్పటికీ గుర్రుపెడుతూనే ఉంది.

కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరాం. ఆగండి, అప్పుడే కళ్ళు మూయకండి. మీ బళ్ళో అరుగు మీద కూర్చున్నది ఎవరు?