నిచ్చెన కింద మనిషి

గౌరీసుకి ధర చెప్పడం చేతకాకుండా పోయింది.

ఇలాంటి జబ్బు కూడా ఒకటి ఉంటుందని ఎవరికి చెప్పినా నవ్వుతారు. విశాఖపట్నంలో అద్దాలు తుడిచే పనివాళ్లందరిలోనూ బేరం కుదర్చడంలో గౌరీసుని మించినవాడు లేడని పేరు. పాత పెంకుటిళ్లకి చూరు పొడవునా రేకు కాలవలుంటాయి. వాననీళ్లు పోవడానికి. వాటిలో ఏడాది పొడుగునా ఆకులూ మట్టీ పేరుకుంటాయి. వాటి వెనకున్న చెక్కపలక నాచు పట్టి నల్లబడుతుంది. అద్దాలు తుడిచేవాళ్లే ఆ కాలవలూ పలకలూ కూడా శుభ్రం చేస్తారు. గౌరీసు వీధిలో నిలబడి చూరు వైపు ఒక్క చూపు విసిరితే చాలు. కాలవ ఇన్ని అడుగులు, పలక ఇన్ని అడుగులు, అడుగుకింత అని, ఇంటివాళ్లు గేటు గొళ్లెం తీసేలోపే మొత్తం చెప్పేసేవాడు.

అలాంటివాడికి ఇప్పుడు గేటు ముందు నిలబడితే నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. ఒక ఇంట్లో ఏమీ చెప్పకుండా వెనక్కి తిరిగి వచ్చేస్తాడు. ఇంకో ఇంట్లో బలవంతాన నోరు తెరిచి చెప్తే, ఆ రేటు విని ఇంటాయన "శుభ్రం చేస్తావా, ఇల్లు కొంటావా నాయనా?" అని నవ్వి తలుపేసుకుంటాడు.

మూడు నెలలుగా ఇదే వరస. దసరా వెళ్లింది, తుపాన్ల రోజులు దగ్గరపడ్డాయి. చేతినిండా పని ఉండాల్సిన కాలంలో ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. అయినా భార్య నూకాలు ఒక్క మాట అనదు. అన్నం పెట్టి పక్కకి తిరిగి కూర్చుంటుంది. ఆవిడ నాలుగు తిట్లు తిడితే బాగుండునని గౌరీసు ఎన్నిసార్లు అనుకున్నాడో.

చివరికి ఒక మధ్యాహ్నం సిగ్గు చంపుకుని బాబ్జాన్ ఉస్తాద్ ఇంటికి బయల్దేరాడు.

ఉస్తాద్ దగ్గర గౌరీసు తొమ్మిదేళ్లు పని నేర్చుకున్నాడు. అద్దం మీద గీత పడకుండా వైపర్ లాగడం, సముద్రపు గాలికి అద్దాల మీద పేరుకునే ఉప్పుని గీరకుండా నానబెట్టి తీయడం, రేకు వంగకుండా కాలవలోంచి మట్టి తోడడం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. ఒక్క ధర చెప్పే విషయంలోనే ఉస్తాద్ అంటే గౌరీసుకి చులకన. ఆయన వీధిలోంచి ధర చెప్పడు. ఇంటి చుట్టూ తిరుగుతాడు. చెప్పులు విడిచి పాదంతో నేల తడుముతాడు. నిచ్చెన వేయించి కాలవలో చెయ్యి పెట్టిస్తాడు. అంతా అయ్యాక చెప్తాడు. చెప్పేది ఎప్పుడూ ఇద్దరి కూలి. పైనొకడు, కిందొకడు. కింద మనిషి అక్కర్లేదంటే సంచి భుజాన వేసుకుని, సలాం చెప్పి, వచ్చేస్తాడు. అలా వదులుకున్న ఇళ్లు తక్కువేం కాదు.

ఆ కింద మనిషి ఉస్తాదే. గౌరీసు పైన ఎండకి మాడుతూ కుళ్లిన ఆకులు తోడుతుంటే, ఆయన రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని నిలబడేవాడు. బీడీ ముట్టించేవాడు కాదు. ఎవరు పలకరించినా తల తిప్పేవాడు కాదు. సాయంత్రానికి కూలి చెరి సగం.

చాకిరీ నాది, సగం వాటా ముసలాడిది అని గౌరీసు మొదట మనసులో అనుకున్నాడు. తొమ్మిదో ఏడు పైకే అనేశాడు. ఉస్తాద్ కోప్పడలేదు. "సరే నాయనా, ఎల్లు" అన్నాడు. అంతే.

బయటికొచ్చి గౌరీసు తన బావమరిది సన్యాసిని తోడు చేసుకున్నాడు. నూకాలుకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై ఏడేళ్లవాడు, మాట మీద నిలబడేవాడు, బావ గీసిన గీత దాటేవాడు కాదు. కొన్నాళ్లు ఒకరు పైన, ఒకరు కింద పనిచేశారు. నేర్చుకున్న అలవాటు ఎక్కడికి పోతుంది? ఒకరోజు ఒక ఇంటాయన కాఫీ తాగుతూ అడిగాడు. "పైనున్నతను పని చేస్తున్నాడు, సరే. కింద స్తంభంలా నిలబడ్డవాడికి నేనెందుకివ్వాలి?"

గౌరీసుకి ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేం. తను ఉస్తాద్‌ని అన్న మాటే కదా అది. ఆ రోజు నుంచి కింద మనిషి కూలి కొట్టేశాడు. రెండో నిచ్చెన కొన్నాడు. బావ ఒక ఇంట్లో, బావమరిది ఇంకో ఇంట్లో. ఊళ్లో అందరికన్నా తక్కువ రేటు, అందరికన్నా ఎక్కువ పని. ఉస్తాద్‌ది ముసలి చాదస్తమని నలుగురిలోనూ చెప్పుకుని నవ్వాడు.

అదంతా ఆషాఢం వరకు.

ఉస్తాద్ గుమ్మంలో కూర్చుని, పాత లుంగీలు చింపి తుడిచే గుడ్డలు కత్తిరిస్తున్నాడు. మోకాళ్లు ఆయన దగ్గర సెలవు పుచ్చుకుని ఆరేళ్లయింది. ఇప్పుడు అదే ఆయన పని. గౌరీసుని చూసి పక్కనున్న గుడ్డల మూట జరిపాడు. గౌరీసు కూర్చున్నాడు.

ఒక గుడ్డ తీసి మడతపెట్టాడు.

"సన్యాసిని మట్టి సేసిన రోజు మీరొచ్చినారు. దూరంగా నిలబడినారు, నాను సూసినాను" అన్నాడు గౌరీసు.

"ఊఁ."

"ఆ రోజు నాను మూడు ఈదుల అవతల ఉన్నాను ఉస్తాద్. ఇంకో ఇంటికి రేటు సెప్తన్నాను. ఆడు పెదవాల్తేరులో ఆ పెంకుటింటి మీద ఒక్కడూ ఉన్నాడు. కింద గచ్చు మీద పాచి. నిచ్చెన కాలు జారీసింది."

ఉస్తాద్ కత్తెర ఆపాడు.

"ఒకేపాలి పడిపోనేదు. రేకు కాలవ పట్టుకుని ఏలాడినాడు. ఆ ఇంటమ్మ తరవాత సెప్పింది. ఆవిడకి ఏటి తెలుసు పాపం, నాకు ధైర్నంగా ఉంటాదని సెప్పింది. 'మీవోడు సివరిదాకా మిమ్మల్నే తలుసుకున్నాడు బాబూ, బావా, నిచ్చెన, బావా, నిచ్చెన అని రెండు మూడుసార్లు కేకేసినాడు' అంది."

మూడు నెలలుగా ఎవరికీ చెప్పని మాట అది. నూకాలుకి కూడా చెప్పలేదు. ఆమెకి ఎలా చెప్తాడు?

"నాను కింద ఉన్నాననే అనుకున్నాడు ఉస్తాద్" అన్నాడు. అని, తల మోకాళ్లలో పెట్టుకుని ఏడ్చాడు. పెద్దవాడు ఏడిస్తే చూడలేం. ఉస్తాద్ చూశాడు. ఆయన కళ్లు కూడా కారాయి, తుడుచుకోలేదు.

కాసేపటికి గౌరీసు తల ఎత్తాడు. "ఇప్పుడు ధర ఎలగ సెప్పాలో నాకు తెలీట్లేదు. తక్కువ సెప్తే ఆడే గుర్తొస్తాడు. ఎక్కువ సెప్తే ఆడి పేరు సెప్పుకుని తింతన్నట్టుంటాది. మీరే సెప్పండి. ఎలగ సెప్పాల?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని ఇంకెవరైనా అనేవారు. ఉస్తాద్ అనలేదు. కత్తిరించిన గుడ్డలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మూట కట్టాడు.

"రేపు ఎవరింటికెల్లాల?" అని అడిగాడు.

మర్నాడు ఉదయం ఇద్దరూ మహారాణిపేటలో సుభాషిణి టీచరమ్మ ఇంటికి వెళ్లారు. గౌరీసు నిచ్చెన మోస్తే, ఉస్తాద్ సంచి మోశాడు. నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచాడు. టీచరమ్మ రిటైరై చాలాకాలమైంది గానీ, గొంతులో బెత్తం ఇంకా అలాగే ఉంది. "రెండుసార్లు వచ్చావు, రెండుసార్లూ నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు నిలబడి వెళ్లిపోయావు. ఇవాళైనా ధర చెప్తావా?" అంది.

"సెప్తాడమ్మా" అన్నాడు ఉస్తాద్. గౌరీసు వైపు తిరిగి, "నేల సూడు" అన్నాడు.

గౌరీసు చెప్పులు విడిచి చూరు కింద గచ్చు మీద పాదం పెట్టాడు. చల్లగా, జారుడుగా తగిలింది. పాచి. ఒక్క క్షణం కదల్లేకపోయాడు. తర్వాత కూర్చుని కొబ్బరిచిప్పతో ఆ పాచి అంతా గీరాడు. గోనెసంచి తడిపి పరిచాడు. దాని మీద నిచ్చెన నిలబెట్టి, ఎక్కడానికి మొదటి మెట్టు మీద కాలు వేశాడు.

ఉస్తాద్ అతని గుండెల మీద అరచెయ్యి పెట్టి వెనక్కి జరిపాడు.

"నువ్వు కాదు."

లుంగీ బిగించి కట్టుకుని, ఆ ముసలాయన నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.

"ఉస్తాద్! వద్దు ఉస్తాద్, మీ మోకాళ్లు..." గౌరీసు కేక సగంలోనే ఆగిపోయింది. ఆయన అప్పటికే మూడో మెట్టు మీదున్నాడు. ఇక లాగితే పడిపోతాడు. గౌరీసు చేయగలిగింది ఒక్కటే. ఉరికి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. కింది మెట్టుని పాదంతో తొక్కిపట్టాడు.

ఉస్తాద్ ఒక్కో మెట్టుకీ ఊపిరి తీసుకుంటూ చూరు దాకా ఎక్కాడు. కాలవలో చెయ్యి పెట్టాడు. నానిన ఆకులు, నల్లటి బురద, పిడికెడు పిడికెడు తోడి కింద పడేశాడు. తొందరేం లేదాయనకి. బురద గౌరీసు తల మీద పడింది, బుగ్గ మీద కారింది, కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. మెడ నొప్పి పుట్టింది. భుజాలు తిమ్మిరెక్కాయి. చూపు మాత్రం ఆ ముసలి మడమల మీద నుంచి తీయలేదు. వీధిలో ఎవరో తెలిసినవాడు పేరు పెట్టి పిలిచాడు. గౌరీసు తల తిప్పలేదు.

ఎంతసేపైందో తెలీదు. పైనుంచి ఉస్తాద్ గొంతు వినిపించింది.

"ధర సెప్పు గౌరీసూ."

"ముందు దిగీయండి ఉస్తాద్. మీ కాళ్లు వణుకుతన్నాయి."

"లుంగీలో ఉన్న కాళ్లు. కిందనించి నీకెలగ తెలిసింది?"

"సేతులకి తెలస్తాంది."

ఉస్తాద్ ఇంకో పిడికెడు బురద తోడి పడేశాడు. "అయితే సెప్పు" అన్నాడు.

కాలవకింత, పలకకింత, కింద పాచి గీరినందుకింత, అన్నీ గౌరీసు మనసులో వాటంతటవే ఒక చోటికి వచ్చాయి. మూడు నెలల తర్వాత మొదటిసారి గొంతు తడబడలేదు.

"రెండువేల ఎనిమిదొందలమ్మా. ఇద్దరి కూలి."

టీచరమ్మ అరుగు మీది నుంచి, "అదేమిటయ్యా? పైన చేస్తున్నది ఆయనొక్కడేగా. నీ కూలి తీసేసి చెప్పు" అంది. ఆవిడ తప్పేం లేదు. కిందనున్నవాడికి పని ఉందని చూసినవాళ్లెవరికీ తోచదు.

గౌరీసు ఆవిడ వైపు చూడలేదు. మడమల వైపే చూస్తూ చెప్పాడు.

"తీయలేనమ్మా. ఇద్దరం ఇంటికెల్లాల."

టీచరమ్మ ఇంకో మాట అనబోయింది. బురదలో కలిసి అతని మొహం మీద కారుతున్నదేమిటో అప్పుడు చూసింది. "సరేలే నాయనా, కానివ్వు" అని, మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

ఉస్తాద్ దిగాడు. ఎక్కడానికి పట్టినదానికి రెట్టింపు సేపు పట్టింది. ఆఖరి మెట్టు దగ్గర ఆగి, నేల మీద ఒక కాలు మోపి, రెండోది మోపి, గౌరీసు భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

గౌరీసు నిచ్చెన వదల్లేదు.

పైన ఎవరూ లేరు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా వేళ్లు విడలేదు. తల ఎత్తి చూరు వైపే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఉస్తాద్ దగ్గరికి వంగితే వినిపించింది. "ఉన్నాన్రా... పట్టుకున్నాన్రా..." అంటున్నాడు.

నేను దిగీసినాను కదా అని ఉస్తాద్ చెప్పలేదు. వదిలేయమనీ అనలేదు. నిచ్చెన రెండో పక్కకి వచ్చి నిలబడ్డాడు. బురద చేతులతోనే, గౌరీసు చేతుల పక్కన పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకో నాయనా" అన్నాడు.