దానయ్య ఇంజను విప్పిన రోజు

ఎవరైనా ప్రశ్న అడిగితే బంగారయ్య గురువుగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు అడిగినవాళ్ళ చేతులకు ఏదో ఒక పని చూపించేవారు. వయసులో ఉన్నప్పుడు లాంచీ ఇంజన్ల దగ్గర పనిచేసిన మనిషి కావడంతో, ఖాళీ చేతులతో చేసే ఆలోచన మీద ఆయనకు పెద్ద నమ్మకం లేదని శిష్యులు చెప్పుకునేవారు.

ఆ శిష్యుల్లో దానయ్య ఒకడు. సముద్రం ఒడ్డు పల్లెలో సొంత పడవ ఉన్నవాడు. ఒక ఉదయం వచ్చి ఆయన ఎదుట కూర్చుని అడిగాడు.

“గురువుగారూ, అన్నీ తెలుసుకోమంటారు మీరు. కొన్ని తెలియకుండా ఉంటేనే మనిషి బతకగలడేమో కదండీ?”

ఆ ప్రశ్న వెనక ఉన్న సంగతి ఊరంతటికీ తెలుసు. నెల కిందట దానయ్య తన పడవ ఇంజను తానే సర్వీసు చేసి బిగించాడు. వేటకు వెళ్ళాల్సిన రోజు జ్వరం రావడంతో, అతని బదులు బావమరిది తాతారావు ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్ళాడు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. ఎంత తంటాలు పడినా మళ్ళీ అందుకోలేదు. రెండు రోజులు అలల మీద కొట్టుకుపోయారు. తెచ్చుకున్న మంచినీళ్ళు అయిపోయాయి. చివరికి వేరే ఊరి పడవవాళ్ళు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. ప్రాణాలైతే దక్కాయి. కానీ అప్పటినుంచి తాతారావు పడవ ఎక్కలేదు, బావతో మాట్లాడనూ లేదు. దానయ్య ఆ ఇంజనును పెరట్లో పెట్టించి టార్పాలిన్ కప్పేశాడు. అది కంటపడకూడదని స్నానం కూడా వీధి కుళాయి దగ్గరే చేస్తున్నాడు.

గురువుగారు లేచి చొక్కా తొడుక్కున్నారు. “మీ ఇంట్లో కిరసనాయిలు ఉందా?” అని అడిగారు.

ఇంటికి వెళ్ళగానే పెరట్లో వెలుగుతున్న పొయ్యి ఆర్పించారు. దానయ్య భార్య పైడమ్మ అన్నం వార్చే పళ్ళెం తెస్తే వెనక్కి పంపి, పాత రంగుడబ్బా కోయించి తొట్టిలా చేయించారు. నేల మీద పాత పేపర్లు పరిచి, టార్పాలిన్ తీయమన్నారు. దానయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అయినా తీశాడు.

ఒక్కొక్క భాగం విప్పడం, కిరసనాయిల్లో నానబెట్టడం, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దడం, గుడ్డతో తుడిచి పేపరు మీద వరసగా పెట్టడం. జిడ్డు వదిలి లోపలి ఇనుము తెల్లగా బయటపడుతున్నప్పుడల్లా దానయ్య ఊపిరి బిగబట్టేవాడు. పిస్టన్ పగల్లేదు. వాల్వులు బాగానే ఉన్నాయి. తాను బిగించిన నట్లన్నీ బిగించినట్టే ఉన్నాయి. మధ్యాహ్నానికి అతని ముఖంలో కాస్త రక్తం వచ్చింది. తన తప్పేమీ లేదేమోనన్న ఆశ పుట్టింది.

అప్పుడు డీజిల్ పైపు వంతు వచ్చింది. పంపులోకి వంగే చోట ఏదో అడ్డుపడింది. సన్నని తీగతో లాగితే, నల్లగా ఉండకట్టిన గుడ్డపీలిక బయటికొచ్చింది. కడిగితే ఆకుపచ్చ రంగు తేలింది. పైడమ్మ పాత చీర. సర్వీసు చేసిన రోజు ట్యాంకు తుడిచింది దానితోనే.

“నేనేనండీ,” అన్నాడు దానయ్య.

“ఎంతుంది?” అన్నారు గురువుగారు.

“అగ్గిపుల్లంత.”

“మరి ఈ నెల రోజులూ ఎంత ఉందనుకున్నావు?”

దానయ్య లేచాడు. పీలికను అరచేతిలో పెట్టుకుని, ఒంటిమీద జిడ్డు బట్టలతోనే మూడిళ్ళ అవతల ఉన్న తాతారావు దగ్గరికి నడిచాడు. గుమ్మంలో నిలబడి, దాచకుండా అంతా చెప్పి చెయ్యి చాపాడు. తాతారావు ఆ పీలికను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దీనికా బావా?” అన్నాడు. “గొంతెండిపోయినప్పుడు నిన్ను తిట్టని తిట్టు లేదు. తిరిగొచ్చాక కోపం పోయింది, భయం పోలేదు. ఏ కారణమూ లేకుండా ఆగిపోయిందనుకున్నాను. అలాంటిదాన్ని నమ్మి మళ్ళీ ఎలా ఎక్కను? ఆ మాట నీతో ఎలా అనను?” అంటూ ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. “పద, బిగిద్దాం. ఇకమీదట ట్యాంకు మాత్రం నేనే తుడుస్తాను.”

ఇద్దరూ కూర్చుని పొద్దు వాలకముందే ఇంజను బిగించారు. రెండోసారి తిప్పగానే నల్లటి పొగ కక్కి అందుకుంది. ఆ చప్పుడుకు పైడమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, పక్కపక్కనే కూర్చున్న మొగుణ్ణీ తమ్ముణ్ణీ చూసి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడిపోయింది.

గురువుగారు వెళ్ళడానికి లేచారు. దానయ్య అప్పటికి మూడోసారి సబ్బుతో చేతులు రుద్దుకుని ఆయన దగ్గరికొచ్చాడు. “ఎంత కడిగినా ఈ నలుపు పూర్తిగా పోవడం లేదండీ,” అన్నాడు.

“గోళ్ళ సందుల్లోది నాలుగు రోజులుంటుంది,” అన్నారు గురువుగారు చెప్పులు వేసుకుంటూ. “ఉండనీ.”