ఒక్కరి కారు

వాహనాల రూపకల్పన నేర్పే పరాంకుశం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పనికి తోడు రమ్మనేవారు.

ఆయన శిష్యురాలు రెహానా ఒక చిన్న కరెంటు కారు తయారుచేస్తోంది. వెదురు చట్రం, దానిమీద జనపనారతో చేసిన పలకలు. తప్పనిసరి అయిన చోటే ఇనుము. బండి ఎంత తేలికైతే బ్యాటరీ అంత చిన్నదవుతుందని, భూమికి అంత మేలని ఆ పిల్ల నమ్మకం. తిండీ నిద్రా మరిచి దానితోనే ఉండేది. పరీక్షకులకు చూపించే రోజు దగ్గరపడింది గాని, బరువు తాననుకున్నంతకు దిగలేదు. చివరికి పక్క సీటు విప్పేసి, బండిని సన్నగా కుదించింది. బరువు దిగింది. మనసు మాత్రం కుదుటపడలేదు. మాస్టారి దగ్గరికి వెళ్లింది.

“మాస్టారూ, ఒక్కరికే చోటుంచాను. తీయకూడనిది తీశానంటారా?”

ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చారు. “మా అక్క బస్సు దిగే వేళయింది. నీ బండి తీసుకురా,” అన్నారు.

బస్టాండు కాలేజీ గేటుకు దగ్గరే. రెహానా బండిని మెల్లగా పోనిస్తుంటే, మాస్టారు కిటికీ మీద చేయి వేసి పక్కన నడిచారు. గురువు నడుస్తుండగా తాను కూర్చోవడం ఆమెకు ముళ్లమీద ఉన్నట్టే అయింది.

మాస్టారి అక్క ఆండాళ్ళమ్మ గారు మోకాలి నొప్పితో కష్టంగా బస్సు దిగారు. రెహానా గబుక్కున లేచి ఆవిడను సీట్లో కూర్చోబెట్టింది. ఆవిడకా, నడపడం రాదు. ఇక చేసేదేముంది? మోటారు ఆపి, కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని నెట్టడం మొదలుపెట్టింది. మాస్టారు వెనక నుంచి ఓ చేయి వేశారు. బండి దూదిలా కదిలింది. అయినా ఎండ తీవ్రంగా ఉంది. ఆ పిల్ల ముఖమంతా చెమట.

ఆండాళ్ళమ్మ గారు అది చూశారు. “నువ్వెందుకు నడవడం తల్లీ? ఎక్కు.”

“చోటు లేదమ్మగారూ. ఒక్కరికే చేశాను.”

“అదేం మాట!” అంటూ ఆవిడ ఒళ్లోని సంచీని గుండెకు హత్తుకుని, నొప్పి కాలిని రెండు చేతులా పక్కకు లాక్కుని, సీటు ఓ మూలకు ఒదిగారు. “ఇదిగో, జరిగాను. రా.”

సీటు అంచున జానెడు జాగా ఏర్పడింది. అందులో పసిపాప కూడా పట్టదు. రెహానా నెట్టడం ఆపి దానివైపే చూస్తూ నిలబడిపోయింది.

“సీటు కాస్త వెడల్పుగా బల్లలా వేస్తాను మాస్టారూ,” అంది. “బరువు పెరిగితే పెరగనీ.”

మాస్టారు అక్కవైపు చూశారు. ఆవిడ ఇంకా ఆ మూలకే ఒదిగి, పిల్ల ఎక్కుతుందని ఎదురుచూస్తున్నారు.

“మా అక్క అంతేనమ్మా,” అన్నారాయన. “ఎంత ఇరుకులో ఉన్నా, కాస్త జరుగుతుంది.”