ఆదెమ్మ అడిగిన ఊ

నీళ్ళు ఎక్కడ ఆగుతాయో, నేల ఎక్కడ మొదలవుతుందో ఇంకా తేలని కాలంలో, పొద్దెక్కినా పొగమంచు విడవని ఒక సరస్సు ఉండేదట. సరస్సు నిండా లంకలు. లంకల నిండా మనుషులు. మనుషుల కంటే కొంగలే ఎక్కువ. అవతలి ఒడ్డు చూశామన్నవాళ్ళు లేరు గానీ, కలలో చూశామన్నవాళ్ళు ఇంటికొకరు ఉండేవారు.

ఆ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక కట్ట. వానాకాలం వస్తే అదును చూసి దాన్ని తవ్వి నీళ్ళు వదలాలి. తొందరపడి తవ్వితే చేపలన్నీ సముద్రం పాలు. ఆలస్యం చేస్తే ఇళ్ళన్నీ నీళ్ళ పాలు. ఎప్పుడు తవ్వాలో చెప్పేవాడు నీటిపెద్ద. ఆయన మాట లేకుండా ఎవరూ పార ముట్టకూడదు.

నీటిపెద్దని ఏటేటా లంకలవాళ్ళే ఎంచుకునేవారు. మనిషికో నత్తగుల్ల. ఒకరికైతే తెల్ల గుల్ల, ఇంకొకరికైతే నల్ల గుల్ల. గుప్పిట్లో దాచి తెచ్చి కుండలో వెయ్యాలి. రెండు పక్షాల వాళ్ళూ చాప మీద ఎదురెదురుగా కూర్చుని లెక్కపెట్టాలి. లెక్క కుదిరాక కుండ మూతికి గుడ్డ కట్టి, ఇద్దరూ చెరో ముడి వెయ్యాలి. ముడి పడిందంటే ఆ ఏటికి మాట తేలిపోయినట్టే.

ఆ తర్వాత పని ఆదెమ్మది.

ఆదెమ్మ ఎవరంటారా? ఎవరూ కాదు. మొగుడు పోయాక తమ్ముడు గంగులు ఇంట్లో చేరి, వాళ్ళ వలలకి చిరుగులు కుట్టిపెడుతూ, పెట్టింది తింటూ బతికే మనిషి. ఆస్తి లేదు. గొంతు ఉంది. ఆ గొంతుతో సరస్సు మధ్యకి పడవ వేసుకుని వెళ్ళి, తెడ్డుతో పడవ అంచు మీద మూడు దెబ్బలు కొట్టి, మూడుసార్లు చాటేది. "వినండహో! గుల్లలు చెప్పాయి, వినండహో!" అని గెలిచినవాడి పేరు చెప్పేది. ఒడ్డున ముగ్గురు పెద్దలు నిలబడి ఊ కొట్టాలి. మూడు ఊలూ వినపడేదాకా చాటే మనిషి నేల మీద కాలు పెట్టకూడదు. అదీ ఆచారం.

పెద్దల పని అంతే. నిలబడటం, వినటం, ఊ కొట్టటం. ఇంత తేలిక పనిని చెడగొట్టడం ఎవరి వల్లా కాదనుకుంటాం. పెద్దవాళ్ళని అంత తక్కువ అంచనా వెయ్యకూడదు.

ఒక ఏడు గంగులు నీటిపెద్ద కావాలని నిలబడ్డాడు. ఎదురుగా బాతులు కాసుకునే సోమాలు నిలబడ్డాడు. గంగులుది పెద్ద అరుగు. ముగ్గురు పెద్దలూ రోజూ ఆ అరుగు మీద కూర్చుని వేయించిన చేపలు తినేవాళ్ళే. సోమాలు దగ్గర కూర్చుంటే బాతుల కంపు. గంగులే గెలుస్తాడని అందరూ అనుకున్నారు. గుల్లలు మాత్రం అలా అనుకోలేదు. సోమాలు గెలిచాడు. గంగులు మనుషులే లెక్కపెట్టారు, మళ్ళీ పెట్టారు, తల వంచుకుని ముడి వేశారు.

పెద్దల్లో పెద్ద బంగారయ్య ఆదెమ్మని పక్కకి పిలిచాడు.

"ఆదెమ్మా, నీళ్ళ మీద మాట ఎవరికి సరిగ్గా వినపడుద్ది? సోమాలు అనే చోట గంగులు అను. నీ తమ్ముడేగా."

గంగులు కూడా వచ్చాడు. "అక్కా, నా ఇంట్లో కూడు తింటన్నావు" అన్నాడు. అనేసి, అక్క మొహం చూడలేకపోయాడు.

ఆదెమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే పడవ ఎక్కింది. "తింటన్నానురా. ఆ కూట్లో ఉప్పు కూడా నీదే. కానీ ఆ ముడి నీ మనుషులు కూడా ఏశారు గదరా" అంది.

సరస్సు మధ్యకి వెళ్ళింది. మూడు దెబ్బలు కొట్టింది. "వినండహో! గుల్లలు చెప్పాయి, వినండహో! నీటిపెద్ద సోమాలు!"

మొదటి రోజు పెద్దలు ఊ కొట్టలేదు. గాలి అటు కొట్టింది, మాకు వినపడలేదు అన్నారు.

రెండో రోజు ఊ కొట్టలేదు. మంచు అడ్డమొచ్చింది అన్నారు. మంచు కళ్ళకి అడ్డమొస్తుంది గానీ చెవులకి అడ్డమేమిటో వాళ్ళకే తెలియాలి.

మూడో రోజు బంగారయ్య ఒడ్డు మీద నుంచి గట్టిగా అరిచాడు. "మేము ఊ అనం! ఆ సోమాలు మాకు నచ్చలేదు!"

ఆదెమ్మ పడవలోంచి అరిచింది. "అయ్యా, మిమ్మల్ని ఊ అనమన్నదెవరు? ఊ కొట్టమన్నాను!"

ఊ అనడం వేరు, ఊ కొట్టడం వేరు. సంబంధం అడగడానికి వస్తే ఊ అంటాం. అది ఒప్పుకోవడం. ఎవరైనా మాట చెబుతుంటే ఊ కొడతాం. అది వినడం. పాపం, ఆ పెద్దలు ఏళ్ళ తరబడి ఒడ్డున నిలబడి నిలబడి, తమ ఊ వల్లే నీటిపెద్ద పుడుతున్నాడనుకున్నారు. నీటిపెద్ద కుండలోనే పుట్టేశాడు. వీళ్ళ వంతు వినడమే.

వినలేదు. వానలు పట్టుకున్నాయి. సరస్సు మెల్లగా పైకి లేచింది. ముందు రేవులు మునిగాయి, తర్వాత దొడ్లు మునిగాయి. ఊ పడని నీటిపెద్ద మాట మీద పార పట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆదెమ్మ వానలో, పడవలోనే ఉంది. రోజూ మూడు దెబ్బలు. రోజూ మూడు కేకలు.

సోమాలు చిన్న దోనె వేసుకుని, అన్నం మూట తెచ్చి ఇచ్చాడు.

"అక్కా, నాకొద్దు ఈ పెద్దరికం. గంగుల్నే ఉండనీ. నువ్వు ఒడ్డుకి రా, సచ్చిపోతావు."

"నాకొద్దు అనటానికి అది నీ బాతు గాదురా సోమాలూ. ఇన్ని లంకలోళ్ళు ఇచ్చింది. ముందా తెడ్డు ఇటియ్యి, నీళ్ళలో పడిపోద్ది."

ఆమె గొంతు సన్నబడింది. సన్నబడేకొద్దీ దూరం పోయిందట, అదేం విచిత్రమో! మంచులోంచి వచ్చి గడపలు దాటేది. ఉయ్యాలలో పిల్లలు అటు తిరిగి పడుకునేవారు. కొంగలు గుంపుగా లేచి, రెక్క చప్పుడు లేకుండా తిరిగి వాలేవి. మధ్యాహ్నం కునుకు తీసినవాళ్ళ కలల్లోకి ఒక పడవ వచ్చి ఆగేది. కలలో వాళ్ళు ఊ కొట్టేవారు. ముగ్గురు పెద్దలూ కొట్టారు.

"కునుకులో ఊ, ఊ అని తెగ కొడతన్నావు" అని బంగారయ్యని ఆయన భార్య నిలదీసింది. "మెలకువగా ఉంటే నోరు పడిపోద్దా నీకు?"

బంగారయ్య దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

ఒక తెల్లవారుజామున నీళ్ళు గంగులు గడప ఎక్కాయి. బియ్యం కుండ తేలి వచ్చి అతని కాలికి తగిలింది. గంగులు అరుగు మీద నిలబడి చెవి ఒగ్గాడు. తెడ్డు చప్పుడు ఒకటి వినపడింది. రెండోది వస్తుందని చూశాడు. రాలేదు. ఆ రెండో దెబ్బ కోసం ఎదురు చూసినంతసేపూ గంగులు చచ్చి బతికాడు.

మొలలోతు నీళ్ళలోకి దిగి, గుండెలు పగిలేలా అరిచాడు. "ఊ! అక్కా, ఊ! విన్నానే! నీటిపెద్ద సోమాలే, విన్నానే!"

ఓడినవాణ్ణి ఊ కొట్టమని ఏ ఆచారమూ అడగలేదు. కానీ ఓడినవాడే విన్నాక వినపడలేదని ఇంకెవరు చెప్పగలరు? ఒడ్డున ఒక ఊ లేచింది. ఇంకో ఊ లేచింది. ఆఖరికి బంగారయ్య ఊ కూడా లేచింది. సోమాలు చెయ్యెత్తాడు. పారలు లేచాయి. కట్ట తెగి, నీళ్ళు నవ్వుకుంటూ సముద్రంలోకి పోయాయి.

గంగులు అక్కని ఎత్తుకుని ఒడ్డుకి తెచ్చాడు. ఆమె ఒళ్ళు మంచులా ఉంది.

"అక్కా, నేను గెలవాలని నీకు లేదా?"

"లేకేంరా పిచ్చోడా" అంది ఆదెమ్మ. "నా గుల్ల నీకే ఏశాను."

గంగులు అప్పుడు ఏడ్చిన ఏడుపు ఎవరూ ఆపలేకపోయారు.

ఆ చలి ఆదెమ్మ ఎముకల్లోంచి పోలేదు. గంగులు కుంపటి ఆరనివ్వలేదు, ముద్దలు కలిపి తినిపించాడు. అయినా వానాకాలం వెళ్ళేలోపే, తమ్ముడి ఒడిలో తల పెట్టుకుని ఆమె వెళ్ళిపోయింది.

ఇప్పుడు గుల్లలు పోయాయి. మరేవేవో వచ్చాయి. అయినా ఆ లంకల్లో ఎవరైనా తేలిన మాటకి మొహం ముడుచుకుంటే, "ఆదెమ్మని నీళ్ళలో నిలబెట్టకు" అంటారు. లెక్క తేలిన రోజున ఒక ఆడమనిషి పడవ వేసుకుని వెళ్ళి మూడు దెబ్బలు కొట్టి చాటుతుంది. మొదటి ఊ పెద్దలది కాదు, ఓడినవాడిది. ఒక్కోసారి వాడికి నోరు పెగలదు. ఎవరూ తొందరపెట్టరు, ఎవరూ ఇంటికి పోరు. ఊ కొట్టాక వాడే నీళ్ళలోకి దిగి, పడవని ఒడ్డుకి లాగి, ఆమె చెయ్యి పట్టుకుని దింపుతాడు. ఆమె ఎవరికి వేసిందని మాత్రం అడగడు.