రాజమాత చేతికమ్మీ

అనగనగా ఒక సముద్రం. దాని ఒడ్డున కొండ, కొండ మీద కోట. ఆ కోటలో రత్నకేతుడనే రాజు ఉండేవాడు. ఆయన తల్లి మాలాంబకు చూపు లేదు.

చూపు లేకపోతేనేం? రోజూ తెల్లవారగానే ఆవిడ ఒక్కతే కోట మెట్లు దిగి వెళ్లి, అలల్లో పాదాలు తడుపుకుని వచ్చేది. మెట్ల పక్కన పొడుగునా ఉక్కు కమ్మీ ఉంది. ఆవిడకు చూపు మందగిస్తున్న రోజుల్లో భర్త పెద్దరాజు పెట్టించిన కమ్మీ అది. మొదటి మలుపు దగ్గర ఆయన తానే సుత్తి పట్టి దాని మీద ఒక గుంట కొట్టాడు. రెండో మలుపులో రెండు, మూడో మలుపులో మూడు. వేలితో తడిమితే చాలు, ఎక్కడున్నదీ ఆవిడకు తెలిసిపోయేది. పెద్దరాజు పోయి పన్నెండేళ్లయింది. ఇప్పటికీ ఆ గుంటలు తగిలితే "వస్తున్నా లెండి" అని గొణుక్కునేది, పిచ్చితల్లి.

ఉప్పుగాలి ఊరుకుంటుందా? కమ్మీకి తుప్పు పట్టింది. ఒకనాడు రాజమాత అరచేయి గీరుకుని రక్తం వచ్చింది.

"దీన్ని పీకించి కొత్తది పెట్టిస్తానమ్మా" అన్నాడు రాజు.

"మీ నాన్న కొట్టిన గుంటలు కూడా కొత్తవి తెప్పిస్తావా నాయనా? దీన్నే బాగుచేయించు" అంది తల్లి.

రాజు దండోరా వేయించాడు. మొదట పసిడి పనివాడు వచ్చాడు. తుప్పు మీదే బంగారు పూత పూశాడు. కమ్మీ ధగధగా మెరిసింది. సభలో అందరూ ఆహా ఓహో అన్నారు. పక్షం తిరక్కుండానే కింద తుప్పు పొక్కులు లేచి, పూత అప్పడంలా పొంగి పెళపెళా రాలిపోయింది.

తర్వాత లక్కపనివాడు వచ్చాడు. "పలచగా పూస్తే పోదా మహారాజా! నేను వేలెడు మందాన పోస్తాను" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. కమ్మీ అద్దంలా తయారైంది.

మర్నాడు రాజమాత మెట్లు దిగుతూ మూడో మలుపు గుంటల కోసం వెతికింది. ఎంత తడిమినా తగల్లేదు. లక్క కింద పూడిపోయాయి. మంచుకు తడిసిన కమ్మీ చేతిలోంచి చేపలా జారింది. ఆవిడ నాలుగు మెట్లు దొర్లిపోయింది.

దెబ్బ మోకాలికే తగిలింది గానీ రాజు గుండె ఝల్లుమంది. "రేపటి నుంచి ఈ మెట్లకు తలుపు వేసేయండి" అని ఆజ్ఞ ఇచ్చాడు. తల్లి ఆ పూట అన్నం ముట్టలేదు. కిటికీ దగ్గర కూర్చుని అలల చప్పుడు వింటూ ఉండిపోయింది.

సరే, మూడో మనిషి గవరమ్మ. రేవులో పడవల లంగర్లు బాగుచేసే కమ్మరి. ముందొచ్చిన ఇద్దరూ రాజు దగ్గరికి వెళ్లారు కదా, ఈమె తిన్నగా రాజమాత దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, పట్టుకునేది మీరు. అదెలా ఉండాలో మీరే చెప్పండి."

ఆ మాట అడిగిన మనిషి ఇన్నాళ్లకు ఆమె ఒక్కతే.

"జారకూడదు. గీరుకోకూడదు. నా గుంటలు నాకు తగలాలి తల్లీ."

గవరమ్మ ముందుగా లక్క అంతా వలిచేసి, ఆకురాయితో తుప్పు రాకింది. కమ్మీ ఈకలు పీకిన కోడిలా తయారైంది. రాజుకు కోపం వచ్చింది. "బాగుచేయమంటే ఉన్న అందం కూడా పోగొట్టావేం?"

"తుప్పు మీద ఏం పూసినా దానికి దుప్పటి కప్పినట్టే మహారాజా. కింద అది తినడం మానదు."

తర్వాత మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఎండలో ఆరనిచ్చి, అవిసె నూనెలో కావిమన్ను నూరి ఎర్రపూత పూసింది. మీ ఇంటి కిటికీ ఊచలకు రంగు వేసే ముందు ఎర్రగా ఒకటి పూస్తారు చూడండి, అలాంటిదే. అది బాగా ఆరేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చివరగా మెరుపు లేని నల్లరంగు పలచగా రెండుసార్లు వేసింది. గుంటల దగ్గర కుంచె పక్కన పెట్టి వేలితో అద్దింది.

మెట్ల తలుపు మళ్లీ తెరిచారు. రాజమాత కమ్మీ మీద చేయి వేసి దిగింది. ఒకటి. రెండు. మూడు. "వస్తున్నా లెండి" అంది, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

రాజు పొంగిపోయాడు. "ఇది ఎన్నేళ్లుంటుంది గవరమ్మా?"

"చూసుకుంటే మీ మనవళ్ల దాకా. వదిలేస్తే రెండు వానాకాలాలు. రోజూ తడిగుడ్డతో ఉప్పు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. ఎక్కడ గీత పడినా ఆ రోజే పూత అద్దాలి."

"దానికేం, ఒక నౌకరును పెడతాను."

"పెట్టండి మహారాజా. పెద్దరాజుగారు మాత్రం సుత్తి తామే పట్టారు" అని గవరమ్మ సంచి సర్దుకుంది. రాజు తల దించుకున్నాడు.

మర్నాడు మాలాంబ మెట్లు దిగుతోంది. కమ్మీ చల్లగా, శుభ్రంగా తగిలింది. రెండు మెట్ల కింద గుడ్డ పిండిన చప్పుడైంది.

"ఎవరక్కడ?"

"నేనేనమ్మా."

ఆవిడ కమ్మీ వదిలి చేయి చాచింది. చల్లని తడి చేయి ఒకటి వచ్చి దాన్ని పట్టుకుంది. ఇద్దరూ కలిసి అలల దాకా దిగారు.

కాబట్టి పిల్లలూ, తుప్పును దాచే మెరుపు కన్నా, రోజూ తుడిచి చూసుకునే చేయి మేలు.