దస్తగిరి తీసుకెళ్ళిన నీళ్ళు

నూరుద్దీన్ బాబా శిష్యుల్లో దస్తగిరి అందరికంటే పాతవాడు. ఒక గురువారం ఖాళీ సీసా పట్టుకుని వచ్చి, ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నారు బాబా.

"మా వదిన కాశీంబీకి నమ్మకం తగ్గిపోయింది బాబా. మీరు దువా చదివి ఊదిన నీళ్ళు వారం వారం తీసుకెళ్ళి ఇస్తున్నానా, నిన్న వద్దని పక్కకి నెట్టేసింది. మా అన్న కూడా ఆమె వైపే మాట్లాడుతున్నాడు. ఈసారి కాస్త గట్టిగా చదివివ్వండి."

"ఆమెకు జబ్బేమిటి?"

"రొమ్ములో గడ్డ."

బాబా చేతిలో జపమాల ఆగిపోయింది.

"డాక్టరుకు చూపించారా?"

"రంజాన్‌కు ముందే చూపించారు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నాడు గుంటూరు డాక్టరు. అన్న సరేనన్నాడు కూడా. నేనే అడ్డం పడ్డాను." అతని గొంతులో గర్వం దాగలేదు. "బాబా నీళ్ళుండగా వదిన ఒంటిమీద కత్తి పడనివ్వనన్నాను. చుట్టాలందరి ముందూ మీ పేరు నిలబెట్టాను."

"ఈ నీళ్ళుంటే డాక్టరు అక్కర్లేదని నేనెప్పుడైనా చెప్పానా?"

"చెప్పలేదు. కానీ మీ మహిమ నాకు తెలియదా?"

బాబా చేతికర్ర అందుకుని లేచారు. "పద, మీ ఇంటికి."

బాబా వచ్చారని తెలిసి వీధిలోవాళ్ళంతా ఆ ఇంటికి చేరారు. ఆయన చెయ్యి కళ్ళకద్దుకోవాలని వంగారు. ఆయన ఎవరికీ చెయ్యివ్వలేదు.

కాశీంబీ తలమీద కొంగు సర్దుకుని, గోడ పట్టుకుంటూ వచ్చింది. ఎడమచెయ్యి వాచి బరువుగా వేలాడుతోంది. గదిలో సాంబ్రాణి వేసి ఉంచారు. అయినా పుండు వాసన తెలుస్తూనే ఉంది.

బాబా ఆమె ముందు చేతులు జోడించారు.

"అమ్మా, నా పేరు చెప్పి నిన్ను ఆపారు. ఇన్ని వారాలు ఈ నీళ్ళు ఎవరికని నేనూ అడగలేదు. ఇవాళే ఆసుపత్రికి బయల్దేరు తల్లీ."

ఆమె తలెత్తి ఆయన వంక చూసింది.

"నేను పోతాననే అన్నాను బాబా. ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినలేదు."

గుంటూరులో డాక్టరు ఆమెను చూసి, దస్తగిరి అన్నను బయటికి పిలిచాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందన్నాడు. ఇక ఆపరేషన్ వల్ల లాభం లేదు, నొప్పి తెలియకుండా మాత్రం మందులివ్వగలనన్నాడు.

కొన్నాళ్ళకు దస్తగిరి మళ్ళీ వచ్చాడు. ఎవరో తల్లి బిడ్డకోసం నీళ్ళు అడుగుతోంది. "ముందు డాక్టరు ఏమన్నాడో చెప్పమ్మా" అంటున్నారు బాబా. ఆమె వెళ్ళేదాకా దస్తగిరి ఒక పక్కన నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. ముఖంలో మాత్రం ఏదో తేలిక.

"బాబా, వదిన కాళ్ళమీద పడ్డాను. 'పోనీలే అబ్బయ్యా, నా మంచికే చేశావు, పోయి అన్నం తిను' అంది. నన్ను క్షమించింది."

"లేచి కూర్చుని అందా, పడుకునే అందా?"

"పడుకునే. కళ్ళు కూడా తెరవలేదు."

బాబా అతని కళ్ళలోకి చూశారు.

"క్షమించలేదు నాయనా. తిట్టే ఓపిక లేదు, అంతే."