వీపు లేని బొమ్మ

వెనకటికి కేతవరం రాజ్యాన్ని విజయకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ఎవరూ వీపు చూపకూడదు. కొలువుకు వచ్చినవాళ్ళు పనయ్యాక వెనక్కి నడుచుకుంటూనే గుమ్మం దాటాలి. ఆ కట్టుబాటు పుణ్యమా అని రాజు లోకాన్ని ఎప్పుడూ ముందువైపు నుంచే చూశాడు.

ఒకనాడు రత్నంసెట్టి అనే బట్టల వర్తకుడు కొత్తరకం పట్టు అంగీ తెచ్చాడు. దాన్ని తొడుక్కున్న యువకుడి బొమ్మను పెద్ద గుడ్డ మీద రాయించి బజారులో కట్టించాడు. ఆ యువకుణ్ణే కొలువులో నిలబెట్టాడు. అంగీ మీద ఒక్క ముడత లేదు.

"ఎవరు తొడుక్కున్నా ఇలాగే ఉంటుంది ప్రభూ!" అన్నాడు సెట్టి.

రాజు మురిసిపోయాడు. ఆస్థాన దర్జీ దస్తగిరిని పిలిపించి, అచ్చం అలాంటిదే తనకూ కుట్టమన్నాడు.

"పొట్ట దగ్గర కాస్త వదులు పెడతాను, ఏలినవారు మన్నించాలి" అన్నాడు దస్తగిరి.

"బొమ్మలో వదులుందా? నోరు మూసుకుని కుట్టు."

వసంతోత్సవం నాడు సామంతులందరి ఎదుటా రాజు కత్తి పైకెత్తబోతే అంగీ చంకల్లో పటపటా చిరిగింది. ఆయన ముఖం కందగడ్డయింది. "నా ఒంటికి కుదరని బట్ట ఉంటుందా? అది కుట్టినవాడి తప్పు. రేపు కొలువులో వాడి బొటనవేలు తీయించండి!" అని అరిచాడు.

ఆ మాట విదూషకుడు నాగప్పయ్య చెవిన పడింది. అతనికి పుట్టుకతో గూని. చిన్నప్పుడు ఏ చొక్కా తొడిగినా వీధి వీధంతా నవ్వేది. ఆ వంపుకు తగ్గట్టు గుడ్డ కత్తిరించి, నలుగురిలో అతన్ని మనిషిలా నిలబెట్టింది దస్తగిరే. ఇప్పుడు ఆ వేలు పోతే దస్తగిరి బతుకే పోతుంది. రాజుతో వాదిస్తే కోపం ఇంకా పెరుగుతుంది, పని జరగదు.

ఏం చెయ్యాలా అని తల పట్టుకుని కూర్చుంటే ఒక సంగతి తట్టింది. అంగీ తెచ్చిననాడు కొలువులో ఆ యువకుడు కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మం దాటి, రాజు కనుమరుగయ్యాక కూడా గోడవారగా వెనక్కే నడిచి వెళ్ళాడు.

మర్నాడు సంకెళ్ళతో దస్తగిరిని తీసుకొచ్చారు. నాగప్పయ్య లేచాడు.

"ప్రభూ, అంగీ అంటే ఎలా ఉండాలో వీడు కళ్ళారా చూడాలి. శిక్షకు ముందు ఆ యువకుణ్ణి ఎదుట నిలబెట్టించండి."

రాజు సరేనన్నాడు. సెట్టి వెంట యువకుడు అదే అంగీతో వచ్చి ఠీవిగా నిలబడ్డాడు.

"రక్తం చిందే పని కదా ప్రభూ, ముందు అమ్మవారికి హారతి ఇప్పిద్దాం" అన్నాడు నాగప్పయ్య.

అమ్మవారు ఉన్నది సింహాసనానికి ఎదురుగా, గుమ్మం పైన గూట్లో. గంట మోగింది. కొలువంతా అటు తిరిగి చేతులు జోడించింది. దేవి ముందు రాజుగారి కట్టుబాటు చెల్లదు. యువకుడు బిక్కముఖం వేసి సెట్టి వైపు చూశాడు. సెట్టి తల దించుకున్నాడు. ఇక తప్పక యువకుడు మెల్లగా తిరిగాడు.

అతని వీపు మీద మెడ నుంచి నడుము దాకా పట్టును మడతపెట్టి, తుమ్మముళ్ళు గుచ్చి బిగించి ఉంది.

రాజు సింహాసనం దిగి వచ్చి స్వయంగా ఒక్కొక్క ముల్లే లాగాడు. అంగీ ఆ యువకుడి ఒంటి మీద గోనెసంచిలా వేలాడింది.

"అయితే నాగప్పయ్యా, తప్పు నా ఒంటిది కాదన్నమాట" అన్నాడు రాజు కాస్త ఆశగా.

"ఎవరి ఒంటిదీ కాదు ప్రభూ. తమరు భోంచేస్తారు, గుర్రమెక్కుతారు, మనవణ్ణి ఎత్తుకుంటారు. ఆ అంగీ తొడుక్కున్నవాడు నిలబడటం తప్ప ఏం చెయ్యగలడు? రాజ్యంలో దర్జీలందరి వేళ్ళూ తీయించినా సరే, ముళ్ళు లేనిదే అది ఎవరి మీదా అలా కుదరదు."

రాజు తన పొట్ట వంక చూసుకున్నాడు. ముందు చిన్నగా, తర్వాత పొట్ట అదిరేలా నవ్వాడు. "నాకు వీపు చూపొద్దని శాసించింది నేనే కదయ్యా!" అంటూ మెడలోని హారం తీసి నాగప్పయ్య మెడలో వేశాడు. సంకెళ్ళు తీయించాడు.

దస్తగిరి తన బొటనవేలిని కళ్ళకద్దుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాగప్పయ్య వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

కాసేపటికి దస్తగిరి కళ్ళు తుడుచుకుని, మొలలోంచి కొలతతాడు తీశాడు.

"ఏలినవారు చేతులు పైకెత్తాలి" అన్నాడు.

నిండుకొలువులో రాజు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.